నీళ్లమీద వీధి అరుగు

మా రాజోలు వైపు ఎవరైనా పడవలో గది అద్దెకి తీసుకున్నామని చెబితే, వినేవాడు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "నీళ్లు చూడ్డానికి డబ్బులివ్వడమేమిటండీ?" న్యాయమైన ప్రశ్నే. రెండువైపులా గోదావరి పాయలు, మూడోవైపు బంగాళాఖాతం, పెరటి వెనక పంటకాలువ. అటువంటి చోట పుట్టినవాడికి నీళ్లు చూపించి డబ్బు పుచ్చుకోవడం సామాన్యమైన పని కాదు. అయినా దిండి రేవులో కేరళ ఫక్కీ ఇంటిపడవలు వెలిశాయి. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి విహారనౌక బయలుదేరింది; ఆ మరుసటేడు సెప్టెంబరులో అక్కడి రేవులో ఇటువంటి ఓడలకోసమే టెర్మినల్ తెరిచారు. దాంతో మా వీధి అరుగుల మీద కూడా "బాల్కనీ గది తీసుకోవాలా, మామూలు గది చాలదా?" అనే చర్చ వచ్చి పడింది. రెండూ ఎక్కి వచ్చినవాణ్ణి గనక నలుగురూ నన్నే అడుగుతున్నారు.

ఓడలో సొంత బాల్కనీ అనేది ఒకప్పుడు కోటీశ్వరుల ముచ్చట. 1912లో మునిగిపోయిన టైటానిక్‌లో కూడా ఏకాంతంగా షికారు చేసుకునే వసారాలున్న గదుల వరసలు రెండంటే రెండే. తక్కిన వాళ్లకి గాజు కిటికీయే గతి. 1984లో రాయల్ ప్రిన్సెస్ అనే ఓడ గదులన్నిటినీ సముద్రంవైపుకే పెట్టి, చాలావాటికి బాల్కనీలు తగిలించింది. తర్వాత తర్వాత అది మామూలు సంసారుల అందుబాటులోకి వచ్చింది.

మనవాళ్లకి ఓడ కొత్తకాదు. గౌతమికి ఆవలనున్న కోరంగి నుంచీ, కాకినాడ నుంచీ రంగూను వెళ్లినవాళ్లు వేలమంది. బర్మాలో తెలుగువాళ్లకి 'కోరంగీలు' అనే పేరు పడిపోయింది. వాళ్లలో ఎక్కువమంది డెక్కుమీద చాప పరుచుకుని వెళ్లినవాళ్లే. వాళ్లకి ఓడంతా బాల్కనీయే, గదొక్కటే తక్కువ. మా అమ్మ తండ్రిగారు అలా వెళ్లి వచ్చారు. ఆ కబుర్లు వింటూ పెరిగిన మా అమ్మకి ఓడెక్కాలని చిన్నప్పటి కోరిక. ఎనభైరెండేళ్లు వచ్చేసరికి కోరిక అలాగే ఉంది, మోకాళ్లే లేవు. ఓడ సంగతి తర్వాత, ముందు పడవమీద ఒకరాత్రి ఉండగలదో లేదో చూద్దామని దిండి తీసుకువెళ్లాం.

దిండి పడవని చూసి ఓడ అనుకోకూడదు. పడవమీద వెదురూ, తాటాకూ, చాపలూ కలిపి కట్టిన కుటీరంలా ఉంటుంది. లోపల మాత్రం చల్లగాలి మిషనూ, స్నానాలగదీ అన్నీ ఉన్నాయి. మేమెక్కిన దానికి రెండు పడకగదులు. ఎవరి బాల్కనీ వాళ్లకి ఉండదు. పడవ ముందుభాగంలో మండువాలాంటి చోటొకటి ఉంది. కుర్చీలు వేసుకుని అందరూ అక్కడే కూర్చోవాలి. పగలంతా వశిష్ఠమీద అలా తేలుతూ తిప్పుతారు. కొబ్బరితోటలు కదిలి వెళుతున్నట్టుంటుంది గాని మనం వెళుతున్నట్టుండదు. చీకటిపడే వేళకి గట్టుకి కట్టేశారు. రాత్రంతా నది మధ్య ఊగుతూ నిద్రపోతామని ఆశపడినవాళ్లకి ఇది చప్పగా ఉంటుంది. పైగా చించినాడ వంతెనమీద లారీల రొద అర్ధరాత్రి దాకా వినపడింది. అమ్మకి మాత్రం ఇబ్బందల్లా ఒక్కటే: గట్టునుంచి పడవలోకి వేసే బల్ల. ఇద్దరు పట్టుకుని ఎక్కించాం. ముసలివాళ్లని తీసుకువెళ్లేవారు గదుల సంగతి కన్న ముందు ఆ బల్ల సంగతి అడగాలి.

ఒక రాత్రి ఆవిడ నిశ్చింతగా పడుకునేసరికి మాకు ధైర్యం వచ్చి, విశాఖనుంచి చెన్నై వెళ్లే ఓడకి టిక్కెట్లు కొన్నాం. బాల్కనీ గదికీ, కిటికీ అయినా లేని లోపలిగదికీ ధరలో చాలా తేడా. లోపలిగదిలో దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. మా తమ్ముడు అదే తీసుకున్నాడు. ఓడంతా తిరిగేవాడికి అది చాలునన్నాడు. నిజమే, వాడు గదిలో ఉన్నది నిద్రపోయినప్పుడే.

బాల్కనీ అంటే ఏదో మేడమీద డాబా అనుకునేరు. రెండు కుర్చీలూ, కాఫీ కప్పులు పెట్టుకునే బల్లా పడితే నిండిపోయింది. అటూ ఇటూ అడ్డుగోడలుంటాయి గాని అవి చూపుకే అడ్డు; పక్కవారి సంసారం యావత్తూ చెవినిబడుతూనే ఉంటుంది. ఓడ 18 నాట్లు, అంటే గంటకి 33 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి, ఆకు కదలని రోజున కూడా స్కూటరుమీద వెళ్లినంత గాలి మొహాన కొడుతుంది. ఉప్పుతేమకి చేతులు జిగటలాడతాయి. చల్లటి గదిలోంచి బయటికి రాగానే కళ్లజోడుమీద ఆవిరి కమ్మి రెండు నిమిషాలు ఏమీ కనపడదు. తలుపు తీసిపెట్టి గదిని చల్లబరచమంటే ఏ మిషనూ చల్లబరచదు. మా పక్కగది ఇల్లాలు కమ్మీమీద తడిచీర ఆరేసింది. అయిదు నిమిషాల్లో నౌకరు వచ్చి వినయంగా తీయించాడు.

సిగరెట్లు అసలే పనికిరావు. అది ఊరికే పెట్టిన నియమం కాదు. 2006 మార్చిలో కరీబియన్ సముద్రంలో స్టార్ ప్రిన్సెస్ అనే ఓడలో బాల్కనీల వెంబడే నిప్పు పాకి, గదులెన్నో కాలిపోయాయి. ఆర్పని సిగరెట్టు ముక్కే కారణమై ఉండవచ్చునని విచారణలో తేలింది. చిన్నపిల్లలున్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: కమ్మీ పెద్దవాళ్ల రొమ్మెత్తు ఉంటుంది, కాని కుర్చీ లాక్కుని ఎక్కే పిల్లవాడికి అది ఎత్తు కాదు.

గది ఎంచుకునేటప్పుడు ఓడ పటం తెప్పించుకుని చూడాలి. ఓడ మధ్యనున్న గదుల్లో ఊపు తక్కువ. ముక్కుదగ్గరా, పై అంతస్తుల్లోనూ ఊపు ఎక్కువ. కడుపులో తిప్పేవాళ్లు అటు పోకూడదు. కొన్ని గదుల ముందు ప్రాణరక్షణ పడవలు వేలాడుతుంటాయి; డబ్బుపెట్టి వాటి అడుగుభాగం చూస్తూ కూర్చోవాలి. ఏ పక్కన అన్నది కూడా ముఖ్యమే. విశాఖనుంచి చెన్నై వెళ్లేటప్పుడు ఎడమవైపు సూర్యోదయం, కుడివైపు సూర్యాస్తమయం.

మాది ఎడమవైపు. అమ్మని రెండు దిళ్లు వేసి కూర్చోబెట్టాం. ఓడ కదిలిన కాసేపటికి, "రంగూను ఎటురా?" అంది. ఎదురుగానేనని చూపించాను. మరి మాట్లాడలేదు. పైన పాటలు, ఆటలు, ఇంద్రజాలం ఉన్నాయని మనవలు వచ్చి పిలిస్తే, "మీరు చూసి రండర్రా" అంది గాని కుర్చీలోంచి లేవలేదు. భోజనం అక్కడికే తెప్పించాం. లిఫ్టుదాకా నడవలేని మనిషికి ఆ నాలుగడుగుల చోటే ఓడంతా. మా ఆవిడ ఇచ్చిన తీర్పు నాకూ సమ్మతమే: బాల్కనీ తిరగలేనివాళ్లకోసం తీసుకోవాలి. తిరగగలిగినవాళ్లు ఆ డబ్బుతో ఇంకోసారి వెళ్లవచ్చు.

దిండికి వెళ్లేవాళ్లకి రెండు మాటలు. పడవ కదలకముందే రక్షణకోటు తొడుక్కోవాలి. చీరమీద బాగుండదనీ, ఉక్కపోస్తుందనీ విప్పి పక్కన పెట్టవద్దు. 2019 సెప్టెంబరు 15న ఎగువన కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో విహారపు పడవ మునిగితే బయటపడ్డవాళ్లు 26 మందే. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీరు దిగుతున్నప్పుడు పడవ షికారు ఊసెత్తవద్దు. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా గాలీ నీరూ రెండూ అనుకూలం. సంక్రాంతి మూడురోజులూ అల్లుళ్లూ, హైదరాబాదు బంధువులూ కలిసి వచ్చిపడతారు గనక గదులు దొరకవు; ధనుర్మాసం ప్రవేశించగానే చెప్పి ఉంచుకోవాలి. శాకాహారులైతే ఆ మాట కూడా ముందుగానే చెప్పండి. గోదావరిమీద వంటవాడు అడక్కుండా పెట్టేది చేపలపులుసే.