చిట్టీ ఎత్తిన రోజు

ఫ్రెండ్స్, ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పెద్ద ఆర్టికల్ రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే క్లబ్ వాట్సాప్ గ్రూప్‌లో తిట్టుకోండి, కానీ లెక్కలు మాత్రం ఒకసారి చెక్ చేయండి.

ఆరు నెలల క్రితం అమ్మ చిట్టీ ఎత్తింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రిజిస్టర్డ్ కంపెనీలో లక్ష రూపాయల చిట్టీ. 20 మంది, 20 నెలలు, నెలకు 5,000. అయిదో నెల పాటలో అమ్మ 28,000 వదులుకుంది, చేతికి 72,000 వచ్చింది. అందులో 68,000 నా ల్యాప్‌టాప్‌కి, మిగతాది ఎగ్జామ్ ఫీజుకి అయిపోయింది. ఆ సాయంత్రం ఎల్బీనగర్‌లో మా అద్దె ఇంట్లో పండగలాగే ఉంది. అమ్మ సేమియా పాయసం చేసింది. డబ్బులొచ్చాయి కదా!

నిజంగా వచ్చాయా? మొన్న సెలవుల్లో ఇన్‌స్టాలో "పాతికేళ్ళకి మీ నెట్‌వర్త్ ఎంత ఉండాలి" అనే రీల్స్ చూసీ చూసీ, నాది ఎంతో లెక్కేద్దామని ఎక్సెల్ తెరిచాను. నెట్‌వర్త్ అంటే పెద్ద మాటేం కాదు. ఉన్న ఆస్తులన్నీ కూడి, ఉన్న అప్పులన్నీ తీసేస్తే మిగిలేది. జీతం వేరు, ఇది వేరు. నెలకు లక్ష సంపాదించేవాడికి మైనస్‌లో ఉండొచ్చు, ఇరవై వేలు సంపాదించేవాడికి ప్లస్‌లో ఉండొచ్చు.

ఆస్తి రాసేటప్పుడు ఒక రూల్ ఉంది. కొన్న ధర రాయకూడదు, ఈ రోజు అమ్మితే వచ్చే ధర రాయాలి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బంగారం షాపులు చూశారుగా. కొనేటప్పుడు మజూరీ, తరుగు, ఆపైన 3 శాతం జీఎస్టీ కడతాం. అమ్మేటప్పుడు అవేవీ తిరిగి రావు. ల్యాప్‌టాప్ ఇంకా ఘోరం. సెకండ్ హ్యాండ్ షాపులో అడిగితే 36,000 ఇస్తానన్నాడు. ఆరు నెలల్లో సగం పోయింది.

సరే, నా లెక్క: ల్యాప్‌టాప్ 36,000, బ్యాంకులో 3,400. అప్పు క్యాంటీన్‌లో 600. నెట్‌వర్త్ 38,800. భలే ఉందనుకుని అమ్మకి చూపించాను. అమ్మ ఒక్కటే అడిగింది: "మరి చిట్టీ ఎవరు కడుతున్నరు?"

అక్కడ ఆగిపోయాను. ల్యాప్‌టాప్ నా పేజీలో ఉంది, దాని అప్పు అమ్మ పేజీలో ఉంది. అసలు చిట్టీ ఎత్తడమంటే అప్పు చేయడమే అని నాకు తట్టనే లేదు. మీకూ తట్టి ఉండదేమో, అందుకే విడమర్చి చెప్తాను.

పాటలో వదులుకున్న 28,000లో కంపెనీ కమిషన్ 5,000 పోతుంది. మిగిలిన 23,000 ఇరవై మందికీ పంచితే తలా 1,150. అంటే ఆ నెల అందరూ కట్టేది 3,850. అమ్మ అప్పటికి అయిదు నెలల్లో కట్టింది సుమారు 20,000. అది ఆమె పొదుపు, అంటే ఆస్తి. ఎత్తిన రోజు చేతికి 72,000 వచ్చింది కానీ, మిగతా 15 నెలల్లో కట్టాల్సింది సుమారు 66,000 అప్పుగా మీద పడింది. 72,000లోంచి 66,000 తీసేస్తే 6,000. ముందు రోజు 20,000 ఉన్న మనిషి, పాయసం చేసిన రోజు 6,000కి దిగింది. 14,000 తగ్గింది!

వడ్డీ ఎంత పడిందో కూడా చూద్దాం. ఆఖరి దాకా ఆగి ఉంటే కమిషన్ పోను 95,000 వచ్చేది. 15 నెలలు ముందు తీసుకున్నందుకు 23,000 తక్కువ. 72,000 మీద నెలకు సుమారు 1,533 అన్నమాట. మన భాషలో నూటికి రెండు రూపాయల పదమూడు పైసల వడ్డీ. మా డాడీకి నల్లగొండలో ఊరి అప్పు ఒకటుంది, రెండు రూపాయల వడ్డీ. ప్రతి నెలా దాన్ని తిట్టుకుంటూనే కడతారు. అంతకన్నా ఎక్కువ వడ్డీకి నా ల్యాప్‌టాప్ వచ్చిందని ఇంట్లో ఎవరికీ తెలీదు.

చిట్టీ చెడ్డదని కాదు. మనవాళ్ళకి అది బ్యాంకు కన్నా దగ్గరిది. 1962లో రామోజీరావు హైదరాబాద్‌లో మార్గదర్శి మొదలుపెట్టారు. 1982లో చిట్‌ఫండ్స్ చట్టం వచ్చింది. దాని ప్రకారం చిట్టీ నడిపేవాళ్ళు ముందుగా రిజిస్ట్రార్ దగ్గర అనుమతి తీసుకోవాలి, సెక్యూరిటీ కట్టాలి. కమిషన్‌కి కూడా హద్దు ఉంది: మొదట 5 శాతం, 2019 సవరణ తర్వాత 7. కాలనీలో నోట్‌బుక్ మీద నడిచే చిట్టీకి ఈ రక్షణ ఏదీ లేదు. రిజిస్టర్డ్ అయినా సరే, చివరిదాకా ఆగినవాళ్ళకి అది పొదుపు, ముందే ఎత్తినవాళ్ళకి అప్పు. ఏది చేస్తున్నామో తెలిసి చేయాలి, అంతే.

ఇక మైలురాళ్ళ సంగతి. రీల్స్‌లో మొదటి మైలురాయి లక్ష అంటారు, కోటి అంటారు. నేను పైథాన్‌లో చిన్న లూప్ రాసి చూశాను. నెలకు 5,000 దాచి, నెలకు 1 శాతం చొప్పున పెరిగితే? ఇది లెక్క కోసం అనుకున్న రేటే, ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. మొదటి లక్ష దాటడానికి 19 నెలలు పట్టింది. తొమ్మిది లక్షల నుంచి పది లక్షలకి మాత్రం 7 నెలలే. మొదట్లో మన డబ్బే మోస్తుంది, తర్వాత వడ్డీకి వచ్చే వడ్డీ కూడా భుజం కలుపుతుంది. అందుకే మొదటి లక్షే అన్నిటికన్నా కష్టం. చాలామంది అక్కడే విసిగిపోయి ఫోన్ కొనేస్తారు.

అప్పుకీ అదే లూప్ నడుస్తుంది, ఎదురుగా. క్రెడిట్ కార్డు బాకీ నెలకు మూడున్నర శాతం చొప్పున పెరిగితే, ఏమీ కట్టకుండా వదిలేస్తే 20 నెలల్లో దాదాపు రెట్టింపు. ఒకవైపు మూడున్నర కడుతూ ఇంకోవైపు ఒక శాతం కోసం పెట్టుబడి పెడితే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే. కాబట్టి వరుస ఇది: ముందు ఎక్కువ వడ్డీ అప్పులు తీరి సున్నాకి రావడం. తర్వాత ఇంటి ఖర్చుకి ఆరు నెలల సొమ్ము బ్యాంకులో ఉంచడం. 2020 ఫిబ్రవరి నుంచి ఒక బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది. ఆ తర్వాతే మొదటి లక్ష. పీపీఎఫ్ అయితే ఏడాదికి 500తో కూడా నడుస్తుంది, కానీ 15 ఏళ్ళు ఆగే ఓపిక కావాలి.

ఇప్పుడు నా ఎక్సెల్ మార్చాను. ఇంకా 9 వాయిదాలున్నాయి, సుమారు 41,000. దాన్ని అమ్మ పేజీలోంచి తీసి నా పేజీలో పెట్టాను. నా నెట్‌వర్త్ మైనస్ 2,200 అయింది. చైతన్యపురిలో ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లలకి సాయంత్రాలు మ్యాథ్స్ చెప్తున్నా, నెలకు 3,000 వస్తుంది. ఈ నెల అది అమ్మకి ఇచ్చి వాయిదాలో కలపమన్నాను. అమ్మ వద్దంటూనే తీసుకుంది.

ఇంటి మొత్తం లెక్క కూడా వేశాను. డాడీ చూసి, "మనకు ఎంతుందో రాస్తున్నవా, ఎంత లేదో రాస్తున్నవా?" అన్నారు. ఆ అంకె ఇక్కడ రాయను, ఆయన ఒప్పుకోలేదు. కానీ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, నేను మర్చిపోయిన ఇంకో అప్పు చెప్పారు.

మీరూ ఈ రాత్రి ఒక షీట్ తెరవండి. మీ వస్తువుల పక్కన వాటి అప్పు ఎవరి పేరు మీద ఉందో కూడా రాయండి.