ఆరు షిల్లింగుల ఆట

మా నివాసం సూరత్ నగరానికి ఆగ్నేయాన ఉన్న డిండోలిలో. తెలంగాణ జిల్లాల నుండి నేతపనికై వలస వచ్చిన తెలుగు కుటుంబాలు మా ఇరుగుపొరుగు. వారిలో ఒక యువకుడు కబడ్డీలో దిట్ట. పవర్‌లూమ్ కార్ఖానాలో మీటరు లెక్కన కూలి. ఒక పోటీకి పిలుపు వచ్చినప్పుడు వెళ్ళమని ప్రోత్సహించాను. "రెండు దినాలు ఆడితే రెండు దినాల కూలి పోతది సార్. గెలిస్తే కప్పిస్తరు. కప్పు చూపిస్తే దుకాణంల బియ్యమిస్తరా?" అన్నాడు.

ఆ ప్రశ్న నుండే ఒక అంతర్జాతీయ క్రీడ పుట్టినదని చెబితే పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చును. అదియే రగ్బీ లీగ్.

ఉత్తర ఇంగ్లండులో ఆనాడు రగ్బీ ఆడినవారిలో అనేకులు బొగ్గుగని కార్మికులు, మిల్లు కార్మికులు. శనివారం ఆటకు పోతే ఆ పూట కూలి పోయేది. కోల్పోయిన పనివేళకు పరిహారం ఇవ్వాలన్న ప్రతిపాదనను రగ్బీ పాలక సంఘం 1893లో తిరస్కరించింది. డబ్బు తీసుకుంటే క్రీడ అపవిత్రమగునని వాదన! 1895 ఆగస్టు 29న ఉన్ని వస్త్రాలకు పేరొందిన హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జి హోటలులో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరు సంఘం స్థాపించుకున్నాయి. దినమునకు ఆరు షిల్లింగులకు మించకుండా పరిహారం నిర్ణయించాయి.

క్రమేణా ఆట స్వరూపమూ మారింది. 1906లో జట్టుకు 15 మందికి బదులు 13 మంది అయినారు. బంతిని చేతితో వెనుకకే అందించాలి. పట్టుబడిన ఆటగాడు లేచి, బంతిని కాలితో వెనుకకు నెట్టగా ఆట సాగుతుంది. నేటి నిబంధన ప్రకారం ఆరుసార్లు పట్టుబడితే బంతి ఎదుటి పక్షానికి పోతుంది. కబడ్డీ పట్టు ఎరిగినవారికి ఇది కొత్త కాదు.

ఫ్రాన్సులో ఈ క్రీడను 1941లో విషీ ప్రభుత్వం నిషేధించి ఆస్తులను స్వాధీనపరచుకున్నది. యుద్ధానంతరం కోలుకొన్న ఆ దేశమే, పాల్ బారియేర్ కృషితో, 1954లో తొలి ప్రపంచ కప్పును నిర్వహించింది. ఆడినవి నాలుగు దేశాలు. పారిస్ ఫైనల్‌లో బ్రిటన్ 16-12తో ఫ్రాన్సును ఓడించింది. విజేతల కెప్టెన్ డేవ్ వాలంటైన్ హడర్స్‌ఫీల్డ్ క్లబ్బు ఆటగాడు కావడం విశేషం.

కోవిడ్ వలన వాయిదాపడి 2022లో ఇంగ్లండులో జరిగిన ప్రపంచ కప్పులో పురుషుల, మహిళల, చక్రాల కుర్చీ పోటీలను కలిపి నిర్వహించారు. మూడు విభాగాల వారికీ పాల్గొన్నందుకు సమానమైన పారితోషికం ఇచ్చారు. పురుషుల ఫైనల్‌లో ఆస్ట్రేలియా 30-10తో సమోవాను ఓడించింది. సుమారు రెండు లక్షల జనాభా గల ద్వీపదేశం ఫైనల్ చేరడం సామాన్య విషయం కాదు.

మన వంటి సంస్థలలో పోటీలకు ఎంపికైన క్రీడాకారునికి ప్రత్యేక సెలవు లభిస్తుంది, జీతం పోదు. మనకిది నిబంధనల పుస్తకంలో ఒక పంక్తి మాత్రమే. దానికై ఒకప్పుడు ఒక క్రీడయే రెండుగా చీలిపోయింది.

మా పొరుగు యువకుడు ఆ పోటీకి వెళ్ళలేదు. మన కాలనీ మైదానంలో స్థానిక జట్లను ఆహ్వానించునపుడు కప్పుతో పాటు ప్రతి ఆటగానికి ఒక దినపు కూలి కూడా అందజేయగలిగితే బాగుండునని నా మనవి. ఆ ఖర్చు స్వల్పం. ఆ మర్యాద గొప్పది.