రాగిలో కాల్షియం నిల్వ: బంధక ప్రోటీన్ల పాత్ర

సీతాఫల్‌మండికి చేరువలో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పోషక విలువల పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో అది 10 మిల్లీగ్రాముల లోపే.

అయితే ఏ పైరులోనైనా కణద్రవ్యంలో విడిగా ఉండే కాల్షియం లీటరుకు సుమారు 0.1 మైక్రోమోల్ మాత్రమే. అది అధికమైతే ఫాస్ఫేటుతో కలిసి అవక్షేపమై కణానికి హాని చేస్తుంది. అందుచేత కణం మిగులు కాల్షియంను రిక్తికలలోకి, కణకుడ్యంలోకి తరలిస్తుంది. అంతర్జీవద్రవ్యజాలంలో కాల్‌రెటిక్యులిన్ అనే ప్రోటీన్ దానిని బంధించి నిల్వ చేస్తుంది.

ఈ స్వల్ప పరిమాణమే సంకేతాలకు ఆధారం. బెట్ట, చలి, తెగులు ఎదురైనపుడు కణద్రవ్యంలో కాల్షియం కొద్దిసేపు పెరుగుతుంది. అప్పుడు కాల్‌మాడ్యులిన్ నాలుగు కాల్షియం అయాన్లను బంధించి, ఆకృతి మార్చుకొని, రక్షణ చర్యలకు తోడ్పడే ఎంజైములను ప్రేరేపిస్తుంది.

టమాటాలో రవాణా ప్రోటీన్ జన్యువు ఒక్కదానినే చొప్పించినపుడు మొత్తం కాల్షియం పెరిగినా కాయ అడుగుభాగం కుళ్ళింది. కాల్‌రెటిక్యులిన్ జన్యువును జోడించగా ఆ లక్షణం తగ్గింది. కనుక అధిక కాల్షియం వంగడాల రూపకల్పనలో గింజలోని మొత్తం కాల్షియంతోపాటు బంధక ప్రోటీన్ల సామర్థ్యాన్నీ పరిశీలించవలసి ఉంటుంది.