పాత బండిలో కూలెంట్ తగ్గిపోతా ఉందా? బోరు నీళ్ళు పోసే ముందు ఇవి చూడండి

పై వీడియోలో బండి కింద అట్టముక్క పరిచి చూపించినాను కదా. అది ఎందుకు, ఆ తర్వాత ఏం చేయాలి అనేది వీడియోలో పూర్తిగా చెప్పే వీలు కాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. జీవామృతం గురించి చెప్పేచోట ఈ బండి గొడవ ఏంటి అనుకోవద్దు. మనం మందులు కొట్టకుండా పండించిన టమోటా, కొర్రలు, గానుగ నూనె బత్తలపల్లె నుంచి అనంతపురానికో బెంగుళూరుకో చేర్చేది ఈ పాత బండ్లే. ఎండాకాలంలో దారి మధ్యలో ఇంజిన్ సెగ ఎక్కి ఆగిపోతే సరుకూ పోతుంది, ఇంజినూ పోతుంది.

నాది 2009 మోడల్ డీజిల్ బండి. ఈ వేసవిలో రెండు రోజులకు ఒకసారి అర లీటరు పైన తగ్గిపోతా వచ్చింది. కింద చూస్తే చుక్క తడి లేదు. ఒక మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది, పాతిక వేలు అవుతుంది" అన్నాడు. అయి ఉండొచ్చు, కాకపోనూ వచ్చు. ఆకు పచ్చబడిందని చూడకుండానే మందు రాసిచ్చే అంగడాయన మాట మనం వినం కదా, ఇదీ అంతే. హెడ్ విప్పే ముందు ఖర్చు లేని పరీక్షలు చాలా ఉన్నాయి.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు. లోపల ఒత్తిడి మీద ఉన్న నీళ్ళు ఒక్కసారిగా ఎగజిమ్మి మొహం, చేతులు కాలిపోతాయి. తెల్లారి, ఇంజిన్ పూర్తిగా చల్లారినాకే చేయి పెట్టండి.

రాత్రి బండి నిలిపేటప్పుడు కింద పెద్ద అట్టపెట్టె విప్పి పరచండి. పొద్దున మరక ఎక్కడుందో చూడండి. ముందు భాగంలో ఉంటే రేడియేటర్ లేదా కింది హోస్ పైపు. ఫ్యాన్ వెనకాల ఉంటే వాటర్ పంపు మీద అనుమానం. పంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీల్ అరిగితే అక్కడి నుంచి కారుతుంది. ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తో మూసేవాళ్ళు ఉన్నారు, అట్ల చేయొద్దు. నీళ్ళు బేరింగులోకి పోతాయి. హీటర్ ఉన్న బండిలో కాళ్ళ కింద మ్యాట్ తడిగా, తియ్యటి వాసన వస్తా ఉంటే హీటర్ లోపల కారుతున్నట్టు. ఏసీ నుంచి కారే నీళ్ళకు రంగు, వాసన ఉండవు, వాటిని చూసి కంగారు పడొద్దు.

అట్ట పొడిగానే ఉంటే? అప్పుడు టార్చ్ లైట్ తీసుకోండి. కొన్ని లీకులు ఇంజిన్ వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడే కారతాయి, కారింది ఆ వేడికే ఆవిరైపోతుంది. కానీ గుర్తు మిగులుతుంది. హోస్ క్లిప్పుల దగ్గర, థర్మోస్టాట్ చుట్టూ, రేడియేటర్ అంచుల్లో తెల్లగానో పచ్చగానో ఉప్పు పేరుకున్నట్టు ఉంటుంది. నా బండిలో పై హోస్ చివర అట్లాంటి పొరే కనిపించింది.

ఇక మూత. అందరూ చిన్నచూపు చూసేది దీన్నే. దాంట్లో ఉండే స్ప్రింగు లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. చాలా బండ్లలో అది 0.9 నుంచి 1.1 బార్ దాకా ఉంటుంది. 0.9 బార్ ఒత్తిడి ఉంటే, 100 డిగ్రీలకు మరగాల్సిన ఉత్త నీళ్ళు కూడా 118 దాకా మరగవు. మూత రబ్బరు చీలినా, స్ప్రింగు మెత్తబడినా ఆ కాపుదల పోయి, కూలెంట్ పక్క డబ్బాలోకి పొంగి బయటికి పోతుంది. నా బండి మూత రబ్బరు కూడా పగిలే ఉంది. మూత మీద రాసిన అంకె చూసి అదే ఒత్తిడిది కొనండి, ఎక్కువది వేస్తే పాత పైపులు తట్టుకోవు. మంచి గ్యారేజీలో చేతి పంపుతో రేడియేటర్‌కు గాలి ఒత్తిడి పెట్టి చూసే సాధనం ఉంటుంది. ఒత్తిడి నిలబడకుండా దిగిపోతే ఎక్కడో లీకు ఉన్నట్టే.

హెడ్ గ్యాస్కెట్ సంగతి ఇట్ల తేల్చుకోండి. చల్లటి ఇంజిన్‌లో మూత తీసి, నిండా పోసి, స్టార్ట్ చేసి చూడండి. మొదట్లో కొన్ని బుడగలు మామూలే. ఆగకుండా వస్తా ఉంటే, స్టార్ట్ చేసిన నిమిషం రెండు నిమిషాల్లోనే పై హోస్ రాయిలా గట్టిపడితే, సిలిండర్ గాలి నీళ్ళలోకి పోతున్నట్టు అనుమానించాలి. డిప్‌స్టిక్‌కు అంటిన ఆయిల్ పాలు కలిపిన టీ మాదిరి ఉందా, వేడెక్కినాక కూడా తెల్ల పొగ ఆగడం లేదా అనేవి కూడా చూడండి. ఆయిల్ మూత అడుగున మాత్రమే కొంచెం నురగ ఉంటే దగ్గర దగ్గర తిరుగుళ్ళ వల్ల చేరిన తేమ కూడా కావొచ్చు. నా బండిలో వీటిలో ఏదీ లేదు. హోస్ గట్టిపడి ఉంది కాబట్టి కొత్తది, రెండు క్లిప్పులు, ఒక మూత వేసినాను. వెయ్యి రూపాయలు దాటలేదు. హోస్ మెత్తగానే ఉండి చివర మాత్రమే పాడైతే, అంగుళం కోసి మళ్ళీ బిగించినా నడుస్తుంది, పొడవు సరిపోతేనే.

డ్రైవర్లు రేడియేటర్‌లో పసుపు పోస్తారు. చిన్న చిల్లుకు ఇల్లు చేరేదాకా పనికొస్తుందేమో గానీ, ఆ పొడి సన్నటి గొట్టాల్లో అడ్డుపడుతుంది. పసుపు పొలానికీ వంటకూ మంచిది, రేడియేటర్‌కు కాదు.

దానికంటే ఎక్కువ చెడుపు చేసేది మన బోరు నీళ్ళు. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టడం మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. రేడియేటర్ లోపలా అదే కడుతుంది, సెగ బయటికి పోనివ్వదు. పైగా బోరు నీళ్ళు కలిపే కొద్దీ కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కాపాడే మందు పలచబడిపోతుంది. దారిలో గతి లేనప్పుడు ఏ నీళ్ళైనా పోయండి, కానీ ఇంజిన్ చల్లారినాకే. సల సల కాగే ఇంజిన్‌లో చన్నీళ్ళు పోస్తే హెడ్ పగలొచ్చు. ఇంటికొచ్చినాక అదంతా వంచేసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి కొత్తది నింపండి. చిక్కటి కూలెంట్ అయితే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి, కలిపి అమ్మేది అయితే నేరుగా పోయాలి. రంగు చూసి కొనొద్దు. ఒక్కో కంపెనీది ఒక్కో రంగు, బండి పుస్తకంలో రాసిన రకమే తీసుకోండి. నింపేటప్పుడు హీటర్ పూర్తిగా తిప్పి, మూత తీసే స్టార్ట్ చేసి, పై హోస్ వేడెక్కేదాకా ఉంచితే లోపలి గాలి పోతుంది. మట్టం తగ్గితే మళ్ళీ నింపి మూత వేయండి.

వంచిన పాత కూలెంట్‌ను మాత్రం కళ్ళంలోనో, కాలవలోనో పోయొద్దు. చాలా కూలెంట్లలో ఉండేది ఇథిలిన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, దూడలు నాకుతాయి. మొదట మత్తెక్కినట్టు తూలతాయి, తర్వాత కిడ్నీలు పోతాయి. గుంట కనిపిస్తే మట్టి చల్లి, ఆ మట్టి ఎత్తి సంచిలో కట్టండి. పాత కూలెంట్‌ను మూత గట్టి క్యాన్‌లో పట్టి, మీద పేరు రాసి, పశువులకు అందనిచోట పెట్టి, పెద్ద సర్వీస్ సెంటర్ వాళ్ళను అడిగి వాళ్ళకు అప్పజెప్పండి. జీవామృతం డ్రమ్ముల పక్కన అసలు పెట్టొద్దు. దూడ నాకిందని అనుమానం వస్తే లక్షణాల కోసం చూస్తా కూర్చోకుండా పశువుల డాక్టరుకు ఫోన్ చేసి, "కూలెంట్ తాగింది" అని మొదటి మాటే చెప్పండి.