దేహమను గృహములో జమాఖర్చులు
(కళాశాలలో జీవరసాయన శాస్త్రము చదువబోవువారికి)

ప్రతి సంవత్సరమును మా పాఠశాల విడిచిన బాలబాలికలలో కొందఱు వైద్యవిద్యకును, మఱికొందఱు బి.యస్సీ. తరగతులకును పోవుచుందురు. వారు మొదటి సెలవులలో మమ్ము చూడవచ్చినప్పుడు తఱచుగా చెప్పు మాట యొకటి గలదు: "మాస్టరుగారూ, తక్కినవన్నియు ఎట్లో చదువుచున్నాము గాని, ఈ జీవరసాయన శాస్త్రము మాత్రము తలకెక్కుట లేదు." గత వేసవిలో వచ్చిన యొక విద్యార్థిని తన వ్రాతపుస్తకమును తెఱచి మాకు చూపెను. పుటలనిండ నోరు తిరుగని పేర్లు, వాని నడుమ బాణపు గుర్తులు. "ఇవన్నియు కంఠస్థము చేయుట నా వలన కాదు; చదువు మానుకొందునేమో" అని ఆమె కంట తడిపెట్టినది. ఆమె కొఱకును, రేపు ఆమెవలె కళాశాల మెట్లెక్కబోవు మీ కొఱకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మెటబాలిజమను పదమునకు గ్రీకు భాషలో మార్పు అని మూలార్థము. తెలుగున దీనిని జీవక్రియ యందుము. మనము తిన్న అన్నము మనమగుటయే ఈ మార్పు. ఇందు రెండు భాగములు గలవు. పెద్ద పదార్థములను విడగొట్టి శక్తిని రాబట్టుట యొకటి. ఆ శక్తిని వెచ్చించి కండను, నెత్తురును, ఎముకను కట్టుట రెండవది. గృహస్థుని చిట్టాలో జమయు ఖర్చును ఎదురెదురుగా నుండునట్లే, దేహమునందును ఇవి రెండును నిరంతరము సాగుచుండును. ప్రతి మార్పునకును ఎంజైము అను పనివాడు వేఱుగా నుండును. ఉట్టి అన్నమును కొంతసేపు మ్రింగక నమలి చూడుడు, తియ్యదనము తోచును. లాలాజలములోని ఎంజైము పిండి పదార్థమును చక్కెరగా విఱుచుటయే దానికి కారణము. ఈ శాస్త్రపు మొదటి పాఠము మీ నోటిలోనే యున్నది.

ఇక శక్తి యెట్లు చేతులు మాఱునో చూతము. మన వరంగల్లు ఎనుమాముల మార్కెట్టునకు రైతు మిరప బస్తాలు తెచ్చును. ఇంటికి మరలి పోవునపుడు బస్సులో టిక్కెట్టునకై మిరపకాయలనిచ్చిన కండక్టరు పుచ్చుకొనడు. బస్తాను ముందుగా రొక్కముగా మార్చుకొనవలెను. అట్లే మనము తిన్న అన్నము, క్రొవ్వు, మాంసకృత్తులు సరుకులు మాత్రమే. కండ ముడుచుకొనుటకు గాని, మెదడు పనిచేయుటకు గాని చెల్లుబాటగు నాణెము వేఱు. దాని పేరు అడినోసీన్ ట్రైఫాస్ఫేటు, పొట్టిగా ఏటీపీ. ఇందు మూడు భాస్వర గుంపులు వరుసగా గూర్పబడి యుండును. కొనయందలి గుంపు విడివడినప్పుడు శక్తి లభించును. ఆహారపు శక్తితో అది మరల కూర్పబడును.

ఈ నాణెమును కూడబెట్టి దాచుకొనుటకు వీలు లేదు. మన శరీరములో ఏ క్షణమున చూచినను ఇది సుమారు పావు కిలోకు మించియుండదు. అయినను ఒక దినములో విఱిగి మరల కూర్పబడునదంతయు లెక్కించినచో మన శరీరపు బరువుతో తూగదగినంత యగును. అరణ్యములో ఇశ్రాయేలీయులకు దొరకిన మన్నాను మీరెఱుగుదురు గదా! మఱునాటికి దాచిన మన్నా పాడయిపోయెను. ఏనాటిది ఆనాడు ఏరుకొనవలసి యుండెను. మన కణములును అనుదినాహారము మీదనే బ్రదుకుచున్నవి.

ఈ నాణెపు కథలో ఒక తెలుగువాని చేయి యున్నదని మీలో ఎందఱెఱుగుదురు? యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. చెన్నపురిలో వైద్యవిద్య నభ్యసించి, అమెరికాకు పోయి, ఆసుపత్రిలో రాత్రివేళ సేవకవృత్తి చేసి పొట్టపోసికొనుచు, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కె యను ఆచార్యునితో గూడి పరిశోధించిరి. రక్తమునందును మూత్రమునందును భాస్వరమెంత గలదో కొలుచు పద్ధతిని వారిరువురును 1925లో ప్రకటించిరి. ద్రవమునకు మాలిబ్డేటును, తగిన మఱియొక మందును చేర్చినచో నీలిరంగు పుట్టును. భాస్వరమెంత హెచ్చో నీలమంత చిక్కన. నేటికిని కళాశాల ప్రయోగశాలలలో విద్యార్థులు నేర్చుకొను పద్ధతి యిదే.

ఆ పద్ధతిని కండనుండి తీసిన రసముపై ప్రయోగించినప్పుడు ఒక వింత కనబడెను. రంగు వెంటనే పూర్తిగా రాక, నిమిషములు గడచినకొలది ముదురుచుండెను. మఱియొకరైనచో మందులో దోషమనుకొని పాఱబోసియుందురు. వారట్లు చేయలేదు. ఏదో యొక పదార్థము మెల్లగా విఱిగి తనలోని భాస్వరమును విడుచుచున్నదని గ్రహించి, దానిని పట్టుకొనిరి. అదియే ఫాస్ఫోక్రియేటిను, 1927లో ప్రకటింపబడెను. కండ పనిచేయునప్పుడు అది తగ్గుచు, విశ్రమించినప్పుడు మరల పెరుగుచుండెను. మీరు ఆటస్థలములో నూఱు మీటర్ల పరుగు ప్రారంభించినప్పుడు తొలి కొద్ది క్షణములలో మిమ్ము నడపునది ముఖ్యముగా ఈ నిలువయే. తరువాత 1929లో వారు కండనుండి ఏటీపీని వేఱుచేసిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును అదే సంవత్సరమున, వారితో సంబంధము లేకయే, దానిని కనుగొనెను. కండకు శక్తి లాక్టిక్ ఆమ్లము పుట్టుటవలననే కలుగునను సిద్ధాంతమునకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము ముట్టియుండెను. ఈ క్రొత్త కొలతలు ఆ సిద్ధాంతమును కదలించినవి.

అన్నము నాణెముగా మాఱు త్రోవను సంగ్రహముగా చెప్పెదము. గ్లూకోజు అను చక్కెరలో ఆరు కర్బన పరమాణువులు గలవు. మొదట అది పది మెట్లు దిగి మూడేసి కర్బనములు గల రెండు ముక్కలగును. అందు మిగులు నాణెములు రెండే. ప్రాణవాయువు చాలినంత యున్నచో ప్రతి ముక్కయు ఒక కర్బనమును విడిచి, రెండు కర్బనముల తునకయై చక్రములో ప్రవేశించును. మన తాతలనాటి మోటబావిని తలంచుకొనుడు. బొక్కెన నీటితో పైకి వచ్చి, కుమ్మరించి, వట్టిదై మరల దిగును. ఇచట నాలుగు కర్బనముల ఆమ్లమొకటి బొక్కెన వంటిది. అది రెండు కర్బనముల తునకను ఎత్తుకొని ఆరు కర్బనముల సిట్రిక్ ఆమ్లమగును. ఇది మన నిమ్మపండులోని పులుసే. త్రోవలో రెండు కర్బనములు బొగ్గుపులుసు గాలియై పోగా బొక్కెన మరల నాలుగు కర్బనములతో మొదటి చోటికి వచ్చును. మనము విడుచు ఊపిరిలోని బొగ్గుపులుసు గాలి యంతయు ఇట్టి మార్పులనుండి వచ్చినదే. అంతయు ముగియునప్పటికి ఒక్క గ్లూకోజునకు ముప్పది, ముప్పదిరెండు నాణెముల వఱకు లభించును. పాత పుస్తకములలో ముప్పదియెనిమిది యని చూచి కలవరపడకుడు. కొలతలు సూక్ష్మమైనకొలది లెక్క సవరింపబడినది.

ఈ చక్రమును 1937లో హన్స్ క్రెబ్స్ నిరూపించెను. యూదుల వంశమున పుట్టినందున 1933లో జర్మనీలో ఉద్యోగము గోల్పోయి, ఇంగ్లండునకు వచ్చి తలదాచుకొన్నవాడాతడు. తన వ్యాసమును మొదట పంపిన పత్రిక తిప్పి పంపగా వేఱొక పత్రికలో ప్రకటించెను. 1953లో నోబెల్ బహుమానము పొందెను.

ఇదంతయు మనకెందులకని యడుగువారికి మన జొన్నరొట్టెయే సమాధానము. పెల్లాగ్రా యను వ్యాధిలో ఎండ తగులు చోట చర్మము నల్లబడి పగులును, విరేచనములు పట్టును, తుదకు మతి చలించును. నియాసిన్ అను విటమిను కొఱతచే ఇది కలుగును. మొక్కజొన్ననే నమ్ముకొన్న దేశములలో ఇది యుండుటకు కారణము తెలిసినదే గాని, దక్కనులో జొన్న తిను బీదలయందును కనబడుట చిక్కుప్రశ్న యయ్యెను. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలన్, యస్. జి. శ్రీకాంతియా గార్లు 1960లో దీనికొక సమాధానము సూచించిరి. జొన్నలో ల్యూసీను అను అమైనో ఆమ్లము మితిమీరి యుండుటచే, శరీరము ట్రిప్టోఫాను నుండి నియాసిన్ తయారుచేసికొను త్రోవ చెడునని వారి యభిప్రాయము. ఇందలి దోషము జొన్నది కాదు. పప్పును వేరుసెనగయు పాలును చేరని వట్టి రొట్టెతోనే కడుపు నింపుకొనవలసిన దారిద్ర్యముది. పుస్తకములోని యొక్క బాణపు గుర్తు వెనుక ఎందఱి బ్రదుకులున్నవో చూచితిరా?

ఇక చదువు పద్ధతి. పేర్లతో ప్రారంభింపకుడు. ప్రతి త్రోవకును ముందుగా అయిదు ప్రశ్నలు వేసికొనుడు: ఎచట మొదలగును? ఎచట ముగియును? కణములో ఏ గదిలో జరుగును? నాణెములెన్ని వెచ్చమై ఎన్ని వచ్చును? ఏ మెట్టు దగ్గఱ కావలివాడున్నాడు? పిమ్మట కర్బనములను లెక్కించుడు. లెక్క కుదిరినచో పేర్లు వాటంతట అవియే నిలుచును. ఒక పెద్ద కాగితముపై వారమునకొకసారి పుస్తకము చూడక త్రోవలన్నిటిని గీయుడు. ఉపవాసదినమున మీ దేహములోనే పరీక్షించుకొనుడు: భోజనమైన పిదప చక్కెర కాలేయములో నిలువచేరును, సుమారు ఒక దినములో ఆ కొట్టు ఖాళీయగును, ఆపై క్రొవ్వే ముఖ్యమైన వంటచెఱకు. ఇట్లు చదివినచో చక్కెరవ్యాధి పాఠము వచ్చినప్పుడు, నిండు కొట్టు ఎదుటనుండియు తాళపుచెవి లేక ఆకలిగొన్న యింటివలె అది మీకు స్పష్టపడును.

సుబ్బారావుగారిని గూర్చి మఱియొక మాట. ఆయన మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి మూడవసారి కృతార్థులైరి. ఆయన సోదరులిద్దఱు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే కొద్ది దినముల వ్యవధిలో గతించిరి. ఆ వ్యాధిలో ఉపయోగపడు ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు పద్ధతిని, ఆయన నాయకత్వమున లెడర్లే పరిశోధనశాలవారు 1945లో సాధించిరి. 1948లో ఆయన పరదేశమున కన్నుమూసిరి. నేడు మన గ్రామములలో గర్భిణులకు ఇనుముతో గూర్చి యిచ్చు మాత్రలోనిది ఆ ఫోలిక్ ఆమ్లమే. మీ తల్లులును దానిని మ్రింగియుందురు.

ఆ విద్యార్థినికి మేము ఈ సంగతులే చెప్పి, ఖాళీ కాగితమొకటి యిచ్చి, గ్లూకోజునుండి మొదలుపెట్టి కర్బనములు మాత్రమే లెక్కింపుమంటిమి. సాయంకాలమగునప్పటికి ఆమె చక్రమును ఒకసారి పూర్తిగా త్రిప్పెను. రెండుచోట్ల పేర్లు తప్పినవి గాని లెక్క తప్పలేదు. సెలవులు ముగియగానే కళాశాలకు మరలి పోయినది.