పరాయి కంప్యూటర్‌లో పుట్టి ఇంటికొచ్చిన ఆట

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాయ్ ట్రబ్‌షా, పీడీపీ-10 కంప్యూటర్ మీద ఒక ఆట రాయడం మొదలుపెట్టాడు. పేరు మడ్. బొమ్మల్లేవు, చప్పుడు లేదు. ఉత్తరానికి వెళ్తానని టైపు చేస్తే అక్కడున్న గది వర్ణన తెర మీద అక్షరాల్లో కనిపిస్తుంది. అదే గదిలో ఇంకో ఆటగాడుంటే అతనూ కనిపిస్తాడు, పలకరించవచ్చు. కొత్తదనమంతా ఆ రెండో మనిషిలోనే ఉంది. 1980లో రిచర్డ్ బార్టిల్ ఈ ఆట బాధ్యత తీసుకున్నాడు.

యంత్రం విశ్వవిద్యాలయానిది, ఆట అందులో అతిథి. బయటివాళ్లకు రాత్రివేళ, కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడే ప్రవేశం. తర్వాతి తరాలూ అలాగే బతికాయి: 1987లో వేల్స్‌లో అలన్ కాక్స్, మిత్రులు రాసిన అబెర్‌మడ్, 1989లో అమెరికాలోని కార్నెగీ మెలన్‌లో వచ్చిన టైనీమడ్, ఆ వెంటనే కోపెన్‌హాగన్‌లో ఐదుగురు విద్యార్థులు రాసిన డికూమడ్.

యునిక్స్‌లో 1024 కంటే చిన్న నంబరు నెట్‌వర్క్ పోర్టు తెరవాలంటే రూట్ అధికారం, అంటే యంత్రం మీద పూర్తి పెత్తనం, కావాలి. విద్యార్థికి అదెవరిస్తారు? డికూమడ్ 4000 మీద, టైనీమడ్ 4201 మీద నడిచాయి. మామూలు ఖాతా చాలు. ఇప్పుడు ఇలాంటి ఆటను ఇంటి కంప్యూటర్‌లో నడిపేవాళ్లకు పుట్టుకతో వచ్చిన రక్షణ ఇదే అని నా నమ్మకం. యంత్రం మనదే కదా అని రూట్‌గా నడిపితే అది కాస్తా పోతుంది.

ఎందుకో చూడాలంటే డికూ లోపలికి వెళ్లాలి. అది సెకనుకు నాలుగుసార్లు తన కనెక్షన్లన్నీ తడుముతుంది: ఎవరైనా ఏదైనా టైపు చేశారా? చేసి ఉంటే ఆ వాక్యాన్ని చదివి, అర్థం చేసుకుని, జవాబు పంపుతుంది. పని ఇంత తేలిక కాబట్టే రాస్‌బెరీ పై లాంటి చిన్న బోర్డు మీదా హాయిగా నడుస్తుంది. కానీ రాసింది సీ భాషలో. వచ్చిన వాక్యం కేటాయించిన చోటులో పడుతుందో లేదో ఆ భాష తనంతట తాను చూడదు. ఏదో ఒక మూల ఆ తనిఖీ మరిచిపోయి ఉంటే, కావాలని పొడవాటి వాక్యం పంపినవాడు పక్కనున్న మెమరీని పాడుచేయగలడు, ఒక్కోసారి సర్వర్‌నే తన చెప్పుచేతల్లోకి తెచ్చుకోగలడు. అప్పుడు వాడికి దక్కేది ఆ ఖాతాకున్న అధికారమే. ఆట కోసమే విడిగా ఖాతా తెరిచి, దానికి ఆట ఫోల్డరు తప్ప ఇంకేదీ అందకుండా చేస్తే, ఇంట్లో ఫొటోలు, బ్యాంకు కాగితాలు వాడి చేతికి చిక్కవు.

రౌటర్‌లో ఆ ఒక్క పోర్టునే ఆ కంప్యూటర్‌కు మళ్లించాలి. డీఎంజెడ్ జోలికి పోవద్దు, అది బయటి ప్రపంచానికి ఆ కంప్యూటర్ తలుపులన్నీ తీసి పెడుతుంది. టెల్నెట్‌కు కేటాయించిన 23వ పోర్టు అసలు వద్దు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ టెల్నెట్ తెరిచి ఉన్న కెమెరాలు, రౌటర్ల కోసం ఇంటర్నెట్‌ను గాలించి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతో వాటిలోకి దూరింది.

పాస్‌వర్డ్‌ల సంగతి ఇంకా చెప్పాలి. టెల్నెట్‌లో ఆటగాళ్లు కొట్టే అక్షరాలు ముసుగు లేకుండా ప్రయాణిస్తాయి. పాత డికూ వాడిన క్రిప్ట్ పద్ధతిలో మొదటి ఎనిమిది అక్షరాలే లెక్కలోకి వస్తాయి, మిగతావి ఎన్ని కొట్టినా వృథా. కాబట్టి ఇంకెక్కడా వాడని పాస్‌వర్డే పెట్టుకోమని ఆటగాళ్లకు మొదటి తెర మీదే చెప్పడం నడిపేవారి ధర్మం. కొత్తగా మొదలుపెట్టేవారు పైథాన్‌లో రాసిన ఎవెన్నియా ఎంచుకుంటే ఈ పాత బెడదలు చాలావరకు ఉండవు.

ఆడేది పదిమంది స్నేహితులే అయితే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మేలు. ఆట పోర్టును బయటికి తెరవనక్కర్లేదు, రాకపోకలన్నీ ఎన్‌క్రిప్టయి సాగుతాయి. పోర్టు మళ్లించే ముందు ఇంకొకటి చూసుకోవాలి: కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రసును ఎన్నో ఇళ్లకు పంచుతాయి. రౌటర్ చూపే బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అలాంటి కనెక్షనే. అప్పుడు పోర్టు మళ్లింపు పనిచేయదు, అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్ గుండా దారి వేసుకోవాలి.

ఏ దారిలో పెట్టినా, ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద ఒకసారి బయటి నుంచి పరీక్షించండి. మీరు తెరిచిన దారి తెరుచుకోవాలి, మిగతా ఏ పోర్టూ పలకకూడదు.