ఎర్రగడ్డలో దొరికిన పాట

కారు స్టీరియో మూగబోతే కొత్తది కొనడమే మార్గం కాదు. ఎవరో వాడి వదిలేసిన సామానుతో, ఆరు వేల రూపాయల లోపు ఖర్చుతో ఒక పాత మారుతీ 800 మళ్లీ పాడిన వైనం ఇది.

మా నాన్న మారుతీ 800 2006 నాటిది. ఇప్పటికీ ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. అందులోని స్టీరియో మాత్రం నాలుగేళ్ల కిందట పూర్తిగా మూగబోయింది. పొద్దున్నే రైతు బజారుకు వెళ్లొచ్చే అరగంటలో 102.8 మీద వివిధ భారతి వినడం నాన్నకు అలవాటు. పాట పోయాక ఆయన కారు బయటికి తీయడమే తగ్గించారు. ‘‘అందులో ఏముందిరా, ఉత్త హారనేగా’’ అన్నారొకసారి. ఆ మాట నాకు గుచ్చుకుంది.

ముందు ఒక షోరూముకే వెళ్లాను. డెక్కు, నాలుగు స్పీకర్లు, యాంప్లిఫయరు, బిగింపు కూలీ కలిపి ఇరవై రెండు వేలన్నారు. అట్టపెట్టెల మీద వెయ్యి వాట్లు, పన్నెండు వందల వాట్లు అని పెద్దక్షరాలు. ఆ కారు అమ్మితే ఎంతొస్తుందో లెక్కేసుకుని వెనక్కి వచ్చేశాను. ఆ తర్వాతి ఆదివారం హైదరాబాదులోని ఎర్రగడ్డ సంతకు బయల్దేరాను.

చేసంచిలో బ్యాటరీ

పొద్దున ఎనిమిది గంటలకల్లా అక్కడ రోడ్డు పక్కన పట్టాలు పరిచేస్తారు. చెప్పులు, కుక్కర్లు, కొళాయిలు, డ్రిల్లింగ్ మిషన్లు, వాటి మధ్య అక్కడక్కడా కారు డెక్కులు. ఉత్త చేతులతో వెళ్తే అమ్మేవాడి మాటే దిక్కు. అందుకే నా సంచిలో పాత యూపీఎస్‌లోంచి తీసిన 12 ఓల్టుల బ్యాటరీ, మల్టీమీటరు, చిన్న స్పీకరు, ఫోనుకు తగిలించే ఆక్స్ తీగ, ఒక టార్చి సెల్లు పెట్టుకెళ్లాను. బ్యాటరీ బయటికి తీయగానే బేరం తీరే మారిపోతుంది. ‘‘సీడీ నడ్వదన్నా, పాటైతే వస్తది’’ అని అవతలి కుర్రాడు తనే ఒప్పేసుకున్నాడు.

నాకు కావలసిందీ అదే. పాత డెక్కుల్లో ముందుగా అరిగేది సీడీని చదివే లేజరు. అది పోయిందంటే ధర సగానికి సగం పడిపోతుంది. మనకు పాట వచ్చేది ఫోనులోంచి కాబట్టి ఆక్స్ రంధ్రం బాగుంటే చాలు. వెనక యాంప్లిఫయరుకు వెళ్లే ఆర్‌సీఏ పిన్నులు కూడా ఉంటే అంతకన్నా కావలసింది లేదు. ఊడి వచ్చే ముందు ముఖం ఉన్న డెక్కయితే ఆ ముఖం దాంతోపాటే ఉండాలి, మీటలన్నీ పలకాలి. ముఖం లేని డెక్కు ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు.

కొలత గురించి బెంగ అక్కర్లేదు. డెక్కు ముఖం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలన్నది జర్మనీ ప్రమాణాల సంస్థ డిన్ పెట్టిన కొలత. ప్రపంచమంతా దాన్నే అందుకుంది. అందుకే ఏ దేశపు కారులోంచి ఊడదీసినా, ఈ కొలత డెక్కయితే మన మారుతీ డ్యాష్‌బోర్డులో కూర్చుంటుంది.

తీగల రంగులకూ ఒక ఒప్పందం ఉంది. పసుపు రంగుది బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండే తీగ. ఎరుపు తాళం తిప్పితేనే వచ్చేది. నలుపు ఎర్తు. నీలం మీద తెల్ల చార ఉన్నది యాంప్లిఫయరును నిద్ర లేపేది. ముందు ఎడమ స్పీకరుకు తెలుపు, కుడికి బూడిద రంగు, వెనక వాటికి ఆకుపచ్చ, ఊదా. వాటిలో నల్లచార ఉన్నవి మైనస్. ఈ మైనస్ తీగల్ని పాత కార్లలో చేసినట్టు బాడీకి ఎర్తు చేశారంటే లోపలి ఐసీ కాలిపోతుంది. డెక్కు స్పీకరు రెండు కొసల్నీ నడుపుతుంది, అందులో ఏదీ ఎర్తు కాదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. కప్లరు ఊడదీయకుండా తీగల్ని బ్లేడుతో తెగ్గోసిన డెక్కుల్ని, కరెంటు ఇవ్వగానే రహస్య సంఖ్య అడిగే కంపెనీ డెక్కుల్ని అనుమానించండి. ఎవరి కారులోంచో మాయమైన వస్తువు అయ్యుండొచ్చు. దొంగసొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం. ఎక్కడిదని అడిగితే ఫలానా షెడ్డులో తుక్కు చేసిన బండిదని తడుముకోకుండా చెప్పిన మనిషి దగ్గరే నేను కొన్నాను. పదకొండు వందలకు తెగింది.

వాట్ల లెక్క

డెక్కు మీద ‘50 వాట్లు × 4’ అని ఉంది. దాదాపు అన్నిటి మీదా అదే ఉంటుంది. నిజమేమిటంటే, కారు నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర ఓల్టేజీ ఎంత ఎక్కువన్నా సుమారు 14.4. ఆ ఓల్టేజీతో 4 ఓమ్‌ల స్పీకరులోకి పాట చెదరకుండా పంపగలిగింది, ఎవరు లెక్క కట్టినా, 26 వాట్లకు మించదు. ఐసీలో పోయే నష్టం తీసేస్తే ఇంకా తక్కువే. అంతకు మించి వాల్యూం తిప్పితే పాట పెద్దదవదు, చిరుగుతుంది.

అయినా చిన్న కారుకు ఆ పదిహేను, ఇరవై వాట్లు తక్కువేం కాదు. ఇంజను రొదను దాటి పాట వినిపించాలన్నప్పుడే వేరే యాంప్లిఫయరు కావాలి. అందులో 12 ఓల్టులను పెంచే ఏర్పాటు ఉంటుంది కాబట్టి డెక్కు ఇవ్వలేనిది అది ఇస్తుంది. పాతది కొనేటప్పుడు పైన రాసిన వాట్లు చదవకండి, పక్కనున్న ఫీజు చూడండి. నేను కొన్నదాని మీద 800 వాట్లని ఉంది. ఫీజు 20 ఆంపియర్లు. ఇరవైని 13.8తో హెచ్చిస్తే 276. ఇలాంటి పాత రకం యాంప్లిఫయర్లు అందులో దాదాపు సగం వేడి కింద పోగొడతాయి. మిగిలింది నూట నలభై దాకా. నాలుగు చానళ్లకు పంచితే తలా ముప్పై అయిదు. నిజాయితీగా పనిచేసే ముప్పై అయిదు వాట్లు మారుతీ 800కు నిండుగా సరిపోతాయి. దానికి పద్దెనిమిది వందలు పెట్టాను.

గుజరాతీ గల్లీలో చాచా

స్పీకర్లు ఆరున్నర అంగుళాల జత, ఆరు వందలు. కోను కాగితం చక్కగా ఉంది, చుట్టూ ఉండే ఫోము మాత్రం వేలు తగిలితే పొడి పొడిగా రాలింది. మన ఎండకూ తేమకూ ఆ ఫోము పది, పదిహేనేళ్లకు ఇలాగే అయిపోతుంది. రబ్బరు అంచులున్నవి ఎక్కువ కాలం ఉంటాయి. మల్టీమీటరు పెట్టి చూస్తే రెండూ మూడున్నర ఓమ్‌ల దగ్గర నిలబడ్డాయి. 4 ఓమ్‌ల స్పీకరు తీగచుట్టను మీటరుతో కొలిస్తే అంతే చూపించాలి. ఏమీ చూపించకపోతే చుట్ట తెగిపోయినట్టు.

వాటిని పట్టుకుని కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు హైదరాబాదులో అందరూ చెప్పే చోటు అది. అక్కడ ఒక మెట్ల కింది దుకాణంలో, చాచా అని నలుగురూ పిలిచే పెద్దాయన ఆ జతను అటూ ఇటూ తిప్పి చూశారు. ‘‘అయస్కాంతం ముసల్ది కాలే బేటా, దాని బట్టలే చినిగినయ్’’ అన్నారు.

రెండు గంటలు ఆయన పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. పాత ఫోము గీకి, థిన్నరుతో తుడిచి, కోను నడుమనున్న టోపీని బ్లేడుతో వలిచారు. లోపల తీగచుట్టకూ ఇనుముకూ మధ్య ఖాళీ అర మిల్లీమీటరు కూడా ఉండదు. చుట్ట ఒక పక్కకు ఒరిగి అంటుకుందంటే ఇక ఎప్పటికీ రాసుకుంటూనే ఉంటుంది. ఆయన పాత ఎక్స్‌రే ఫిల్ము సన్నటి పేలికలుగా కత్తిరించి, నాలుగు వైపులా ఆ సందులోకి దించారు. చుట్ట సరిగ్గా నడిమిన నిలిచింది. అప్పుడు రబ్బరు రింగు అంటించి, జిగురు ఆరాక పేలికలు ఒక్కొక్కటే పైకి లాగి, చెవి దగ్గర పెట్టుకుని కోనును రెండు బొటనవేళ్లతో నెమ్మదిగా నొక్కారు. గీరిన చప్పుడు లేదు. నాకిచ్చి నన్నూ నొక్కి చూడమన్నారు. కొత్త స్పీకరు కొన్న ఏ రోజునా నాకంత సంతోషం కలగలేదు. రెంటికీ కలిపి నాలుగు వందలు తీసుకున్నారు.

చివరగా నా సంచిలోని టార్చి సెల్లు అడిగారు. ప్లస్‌కు ప్లస్ తాకిస్తే కోను ముందుకు రావాలి. జతలో ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ కదిలేలా తగిలిస్తే పాట వినిపిస్తూనే ఉంటుంది, కింది స్థాయి నాదాలు మాత్రం ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి. చాలా కార్లలో బేస్ రావట్లేదని కొత్త వూఫరు కొనిపించే జబ్బు ఇదే.

తలుపే డబ్బా

అసలు తేడా తెచ్చింది ఏ పరికరమూ కాదు, తలుపు. స్పీకరు కోను ముందుకు కదిలినప్పుడు వెనక గాలి పలచబడుతుంది. తలుపు రేకులోని పెద్ద పెద్ద కంతల గుండా ఆ ముందు గాలీ వెనక గాలీ కలిసిపోయాయంటే తబలా దెబ్బ, మృదంగం గుమ్కీ అక్కడే చచ్చిపోతాయి. లోపలి అట్ట ఊడదీసి, కంతల మీద రేకు బిగించి, దానిమీదా తలుపు బయటి రేకు లోపలి వైపునా తారు షీటు వేడి చేసి అతికించాను. అడుగున నీళ్లు కారే చిన్న రంధ్రాలను మాత్రం ముట్టుకోలేదు. అవి మూస్తే వానాకాలంలో నీళ్లు నిలిచి తలుపు కింద నుంచి తుప్పు పడుతుంది. అద్దం దిగే దారికి స్పీకరు వీపు అడ్డొస్తుందేమోనని ప్లైవుడ్ రింగు కోసి కొంచెం ఎత్తులో బిగించాను. ఇప్పుడు తలుపు వేస్తే డొల్ల చప్పుడు లేదు, బరువైన చప్పుడు.

కారులో వినేవాడు ఎక్కడ కూర్చుంటాడో ముందే తెలుసు, ఇంట్లో అది తెలియదు. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టి ఎంఐటీలో పాఠాలు చెప్పిన అమర్ బోస్ 1980ల మొదట్లో జనరల్ మోటార్స్ కార్లకు స్టీరియో తయారు చేసినప్పుడు, ఆ కారు లోపలి ఆకారానికి తగ్గట్టే శబ్దాన్ని తీర్చారు. మనం తారు షీటుతో చేసేది ఆ పనే, చిన్న ఎత్తున.

102.7, 102.9

అన్నీ బిగించి రేడియో వేశాను. 101.9లో ఎఫ్ఎం రెయిన్‌బో స్టేషను గంట కొట్టినట్టు వచ్చింది. నాన్న 102.8 పెట్టమన్నారు. మీట నొక్కితే 102.7 వచ్చింది, ఇంకోసారి నొక్కితే 102.9కి దూకింది. మధ్యలో ఆగదు. ఆయన ఏమీ అనలేదు. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది.

ఆ డెక్కు అమెరికా నుంచి వచ్చింది. అక్కడ ఎఫ్ఎం స్టేషన్ల మధ్య దూరం 0.2, అన్నీ బేసి అంకెతోనే ముగుస్తాయి. అందుకే 101.9 దొరికింది, 102.8 దొరకలేదు. కొన్ని డెక్కులకు లోపల దేశం మార్చే మెనూ ఉంటుంది. డెక్కు ఆపి, సోర్సు మీటను పట్టుకుని ఉంచితే దీనిలో తెరుచుకుంది. అడుగు 0.1కి మార్చగానే 102.8 మీద పాట వచ్చింది. జపాన్ నుంచి వచ్చిన పాత డెక్కులకు ఈ వైద్యం కూడా లేదు. అక్కడి ఎఫ్ఎం అప్పట్లో 76 నుంచి 90 వరకే ఉండేది, మనది 88 నుంచి 108. సంతలో డెక్కు కొనేముందు రేడియో తిప్పి మీ ఊరి స్టేషను అంకె మీద ఆగుతుందో లేదో చూడండి. నేను చూడకుండా కొన్నాను, అదృష్టం కొద్దీ బయటపడ్డాను.

పాటతోపాటు ఇంజను రేసు పెంచినకొద్దీ హెచ్చే ఒక సన్నటి కూత కూడా వచ్చింది. ఇది కొత్త గొడవ కాదు. 1930లో చికాగోలో గాల్విన్ సోదరులు కారు రేడియో అమ్మకానికి తెచ్చి దానికి మోటరోలా అని పేరు పెట్టిన రోజుల్లోనూ, ఇంజను నుంచి వచ్చే రొదను అణచడమే పెద్ద పనిగా ఉండేది. నా కారులో యాంప్లిఫయరు ఎర్తు రంగు పొర మీద బిగించి ఉంది. ఉప్పుకాగితంతో తెల్లటి ఇనుము కనబడేదాకా గీకి మళ్లీ బిగించి, ఆర్‌సీఏ తీగను కరెంటు తీగకు ఎదుటి పక్కగా తీసుకెళ్తే కూత పోయింది.

ఇంకో తప్పు కూడా చేశాను. ఎరుపు తీగను తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపేశాను. వాల్యూం సున్నాలో పెట్టి డెక్కు ఆపడం మరిచిపోతే అది అర ఆంపియరు తాగుతూనే ఉంది. రోజుకు 12 ఆంపియర్ అవర్లు. మారుతీ బ్యాటరీ 35. మూడో రోజు పొద్దున సెల్ఫు కొట్టలేదు.

పాతది పనికిరాని చోటు

ఇంతవరకు చెప్పిన సామానులో చాలావరకు వాడి వదిలేసినదే. దాన్ని మళ్లీ వాడటం పిసినారితనం కాదు. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి నివేదిక లెక్క. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసింది నాలుగో వంతు కూడా లేదు. ఒక డెక్కు, రెండు స్పీకర్లు ఆ కుప్పలోకి పోకుండా ఆగితే అది మంచి పనే.

కానీ తీగ దగ్గర పొదుపు చేయకండి. చౌక తీగల్లో చాలావాటికి పైన రాగి పూత, లోపల అల్యూమినియం. కొసను బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. 20 ఆంపియర్లకు 6 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి తీగ కావాలి. ఇంజను గదిలోంచి లోపలికి వచ్చే రేకు రంధ్రానికి రబ్బరు బుష్షు వేయాలి. బ్యాటరీ నుంచి జానెడు, రెండు జానల లోపే ఫీజు ఉండాలి. అది లేకుండా తీగ రేకుకు ఒరుసుకుని షార్టయిందంటే, బ్యాటరీ ఒక్కసారిగా వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. తీగ ఎర్రగా కాలి కారే అంటుకుంటుంది.

నా లెక్క ఇది. డెక్కు 1,100. యాంప్లిఫయరు 1,800. స్పీకర్లు, చాచా మరమ్మతు కలిపి 1,000. ఏరియల్ 200. కొత్తగా కొన్న రాగి తీగ, ఫీజు, కప్లర్లు, తారు షీటు 1,650. మొత్తం 5,750 రూపాయలు. మీరూ మొదలుపెడితే మిగతావన్నీ సంతలో వెతకండి, బేరమాడండి. తీగ, ఫీజు మాత్రం దుకాణంలో కొత్తవి కొనండి. ఫీజు బిగించాకే బ్యాటరీ తగిలించండి.